బురదను చదవడం: నీటి అంచున బతికే పక్షులను చూడటానికి, గుర్తుపట్టడానికి, లెక్కపెట్టడానికి సమగ్ర మార్గదర్శి

పక్షులు చూడాలని మొదటిసారి చెరువుకి వెళ్ళినవాళ్ళు చాలామంది ఒకే మాటతో తిరిగొస్తారు: "చెరువు నిండుగా ఉంది, పిట్ట మాత్రం ఒక్కటీ లేదు." జవాబు ఆ మాటలోనే ఉంది. చెరువు నిండుగా ఉంది కాబట్టే పిట్ట లేదు.

కొంగలు, కంకణాలు (ఐబిస్‌లు), ఉల్లంకులు (శాండ్‌పైపర్ల లాంటి బురద పిట్టలు), తీతువులు ఈదుతూ తినే పక్షులు కావు. నిలబడి తినే పక్షులు. కాలు నేలకి ఆనాలి, ముక్కు బురదకి అందాలి. బాతుకి చెరువంతా ఇల్లే. ఉల్లంకికి మాత్రం నీటికీ నేలకీ మధ్య ఉండే సన్నటి తడి పట్టీ ఒక్కటే ఇల్లు. ఆ పట్టీ రోజూ జరుగుతుంటుంది. వానొస్తే మునుగుతుంది, తూము ఎత్తితే తేలుతుంది, సముద్రం ఒడ్డున అయితే రోజుకి రెండుసార్లు వచ్చిపోతుంది. అది ఎక్కడుందో పట్టుకోవడం వస్తే పక్షులు వాటంతట అవే కనబడతాయి. పక్షుల పుస్తకం బట్టీపట్టి, బురదను చదవడం రానివాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగినా చూసేది తక్కువే. అందుకే ఈ మార్గదర్శిలో ముక్కులూ రెక్కలూ తర్వాత వస్తాయి. ముందు కాలం, నీరు, బురద.

1. కాలం చూసుకోండి

మన చిత్తడి నేలల్లో ఉల్లంకి జాతి పిట్టలు ఎక్కువగా వలస వచ్చేవే. సైబీరియా టండ్రా, మధ్య ఆసియా, టిబెట్ పీఠభూమి వాటి పుట్టిళ్ళు. ఉడ్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్, కామన్ శాండ్‌పైపర్ ఆగస్టుకల్లా మన వాగుల్లో, పొలాల్లో కనబడటం మొదలెడతాయి. అక్టోబరు నుంచి గుంపులు దిగుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నిండు కాలం. మార్చి, ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం.

కొత్తవాళ్ళు జనవరిలో మొదలుపెట్టడం మేలు. చలికాలం గుంపులు ఇంకా ఉంటాయి, చెరువుల్లో నీళ్ళు తీయడం మొదలై అంచులు తేలుతుంటాయి. డెల్టాలో అయితే దాళ్వాకి దమ్ము చేసే రోజులవి. ట్రాక్టరు చక్రాల వెనక తెల్లకొంగలు వరస కట్టడం అందరూ చూసే దృశ్యమే. ఆ కొంగల మీదే కన్ను ఆపకుండా, దమ్ము చేసి వదిలేసిన పక్క మడిని ఐదు నిమిషాలు గమనించండి. మట్టిగడ్డలు అనుకున్నవి కదులుతాయి. ఉడ్ శాండ్‌పైపర్లు, లిటిల్ రింగ్డ్ ప్లవర్లు అలాగే దొరుకుతాయి.

ఏప్రిల్ మొదటి వారాలకి ఇంకో అందం ఉంది. చలికాలమంతా బూడిద రంగులో తిరిగిన కర్లూ శాండ్‌పైపర్లు వెళ్ళేముందు ఇటుక ఎరుపుకి మారతాయి. అప్పుడు అవి మామూలు కంటే ఎక్కువ తింటాయి. దూర ప్రయాణం చేసే జాతులు కొన్ని బయల్దేరేముందు ఒంటి బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. 2022 అక్టోబరులో ఉపగ్రహ పరికరం తగిలించిన బార్‌టెయిల్డ్ గాడ్విట్ ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకి ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. ఆ ఇంధనమంతా బురదలోంచి ఏరుకున్న పురుగులూ గుల్లలే. మార్చి, ఏప్రిల్‌లో తింటున్న గుంపును ఫొటో కోసం లేపడం అంటే దాని దారి బత్తెం లాక్కోవడమే.

2. బురదను చదవండి

తొందరపడకుండా చేయాల్సిన పని ఇదే.

మన చెరువులకి ఒక వైపు కట్ట, ఎదురువైపు శిఖం. జనం పక్షులు చూడటానికి కట్ట ఎక్కుతారు, ఎందుకంటే దారి అక్కడే ఉంటుంది. కానీ కట్ట వైపు నీళ్ళు లోతు, రాతి కట్టడం నిటారు. అక్కడ నీటికాకి మునుగుతుంది తప్ప ఉల్లంకికి కాలు మోపే చోటు ఉండదు. నీళ్ళు పలచబడి నేలలో కలిసేది శిఖం వైపు. ఎంత దూరమైనా సరే, చుట్టూ తిరిగి అటు వెళ్ళండి.

వెళ్ళాక వెంటనే బైనాక్యులర్స్ ఎత్తకండి. ముందు నేల చూడండి. పొడి నేల నుంచి నీటి వైపు పట్టీలు పట్టీలుగా మారుతుంది. మొదట నెర్రెలిచ్చిన మట్టి, తర్వాత పైన చర్మంలా ఆరి లోపల మెత్తగా ఉన్న బురద, ఆ తర్వాత మెరిసే తడి బురద, చివరికి పలచటి నీరు. ఒక్కో పట్టీకి ఒక్కో రకం పక్షి. తీతువు, దాని చుట్టాలైన ప్లవర్లు ఆరిన నేల మీద, ఆరుతున్న బురద మీద. బుల్లి ఉల్లంకులైన స్టింట్లు మెరిసే బురద మీద. పొడుగు కాళ్ళవి నీటిలో.

నీటిలో మళ్ళీ లోతుని బట్టి వాటాలు. మన పాత కొలతలు ఇక్కడ చక్కగా సరిపోతాయి. వేలెడు లోతులో లిటిల్ స్టింట్ లాంటి బుల్లి పిట్టలు. బెత్తెడు లోతు వరకు రెడ్‌షాంక్, గ్రీన్‌షాంక్. జానెడుకి కాస్త తక్కువలో గాడ్విట్లు, బ్లాక్‌వింగ్డ్ స్టిల్ట్‌లు. జానెడు చుట్టుపక్కల ఎర్రకాళ్ళ కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నారాయణ పక్షులు. మూరెడు దాటినా దిగి నిలబడగలిగేది రాజహంస, అంటే ఫ్లెమింగో. ఇవి ఉజ్జాయింపు కొలతలే, కానీ పొలంలో పనికొస్తాయి. దూరంలో ఒక పక్షి తొడల దాకా మునిగి ఉంటే అక్కడ నీటి లోతెంతో చెప్పొచ్చు. లోతు తెలిసిన చోట నిలబడిన పక్షి కాలి పొడవూ అంచనా వేయొచ్చు.

ఇక బురద మీద రాత. పొద్దున్నే, ఎవరూ తొక్కకముందు, అంచున వంగి చూడండి. మూడు వేళ్ళ ముద్ర పడి వెనక వేలు లేకపోతే అది స్టిల్ట్ గానీ ప్లవర్ గానీ కావొచ్చు. స్టిల్ట్‌కి వెనక వేలు ఉండదు. నాలుగు పొడుగాటి వేళ్ళు పరిచినట్టు పెద్ద ముద్ర ఉంటే కొంగ. ముద్రల పక్కన సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలు వరసగా ఉంటే చిన్న శాండ్‌పైపర్లు, స్టింట్లు అక్కడ మేశాయి. గట్టు మీద ఖాళీ నత్తగుల్లలు పగలకుండా కుప్పగా పడి ఉంటే నత్తగుల్ల కొంగ భోంచేసి వెళ్ళిన చోటు. ఇవి చూడటం అలవాటైతే పక్షులు లేని సమయంలో వెళ్ళినా ఎప్పుడు తిరిగి రావాలో తెలుస్తుంది.

సముద్రపు అంచున ఈ చదువు ఇంకాస్త వేగంగా సాగాలి. పోటు వచ్చేటప్పుడు నీరు బురద మైదానాన్ని మింగుకుంటూ పక్షులను ఒడ్డువైపు, అంటే మీవైపు, నెడుతుంది. పాటు పూర్తిగా దిగాక అవి కిలోమీటర్ల మేర చెదిరిపోయి చుక్కల్లా కనబడతాయి. అందుకని పోటు నిండటానికి రెండు గంటల ముందే చేరుకుని, మీరు ముందుకు పోకుండా వాటినే రానివ్వండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ, పాటు కూడా ఎక్కువే. బయల్దేరేముందు పంచాంగంలో తిథి చూసుకోవడం ఇందుకే. పోటు ఎన్ని గంటలకో ఒడ్డున వల సర్దుకునే మత్స్యకారుణ్ణి అడగండి. ఆ రేవు సంగతి ఆయనకంటే బాగా చెప్పేవాళ్ళు ఉండరు.

3. చోటు ఎంచుకోండి

మొదటి చోటు మీ ఊరి చెరువే. వారం వారం వెళ్ళగలిగే చోటే నేర్పిస్తుంది, ఏడాదికోసారి వెళ్ళే పెద్ద సరస్సు నేర్పించదు. దాని తర్వాత ఇవి.

పులికాట్: చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది కాబట్టి రెండు పక్కలా నీరే. నీటిమట్టం సరిగ్గా ఉన్న చలికాలంలో రాజహంసల గుంపులు రోడ్డు మీంచే కనబడతాయి. ఈశాన్య రుతుపవన వానలకి సరస్సు నిండి ఉప్పదనం తగ్గుతుంది, వేసవికి ఎండి ఉప్పు పెరుగుతుంది. ఏ నెలలో వెళ్ళారన్నదాన్ని బట్టి పక్షులు మారిపోతాయి. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉన్న ప్రాంతం కనుక తనిఖీ కేంద్రాల దగ్గర ఫొటోలు తీయకండి. దగ్గర్లోనే నేలపట్టు ఉంది. నీళ్ళలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, వక్కులు (రాత్రి కొంగలు) గూళ్ళు కడతాయి.

కాకినాడ తీరం: హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డంగా ఉండటంతో లోపలి సముద్రం నెమ్మదిగా ఉంటుంది, కోరింగ మడ అడవుల ముందు విశాలమైన బురద తేలుతుంది. కర్లూలు, గాడ్విట్లు, ప్లవర్లు, అంతరించే ప్రమాదంలో ఉన్న గ్రేట్ నాట్‌లు చూడటానికి మన తీరంలో నాకు తెలిసి ఇంతకు మించిన చోటు లేదు.

కొల్లేరు: కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లపు పళ్ళెం. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగుల నీరు ఇందులోకి దిగుతుంది, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు కొట్టించారు. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులనూ ఎర్రకాళ్ళ కొంగలనూ అందరూ చూస్తారు. చిన్న పిట్టలు కావాలంటే చుట్టుపక్కల గ్రామాల్లో ఆ వారం పట్టుబడికి నీళ్ళు తోడేస్తున్న చేపల చెరువు ఎక్కడుందో కనుక్కోండి. నిండుగా ఉన్న చేపల చెరువు నిటారు గట్లతో ఉల్లంకికి ఎందుకూ కొరగాదు. అదే చెరువు తోడాక నాలుగైదు రోజులు బురద తేలి ఉంటుంది, ఆ నాలుగైదు రోజులూ అక్కడ విందే. రైతు అనుమతి తీసుకుని గట్టు మీద కూర్చోండి.

హైదరాబాద్ వాళ్ళకి హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ వెనక అంచులు ఉన్నాయి. చలికాలం చివర నీరు తగ్గేకొద్దీ మంచి బురద తేలుతుంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు కూడా దగ్గరే. శ్రీకాకుళం వాళ్ళకి నౌపడ, బాపట్ల వైపు వాళ్ళకి చినగంజాం ఉప్పు మడులు ఉండనే ఉన్నాయి. మడికో లోతు, మడికో ఉప్పదనం కాబట్టి ఒకే చోట రకరకాల పిట్టలు పక్కపక్కన కనబడతాయి.

4. సామాను

8×42 బైనాక్యులర్స్ ఒకటి చాలు. 10×50 బరువుకి చేతులు వణుకుతాయి. నోటుపుస్తకం, పెన్సిలు, టోపీ, మంచినీళ్ళు. తెలుపు, ఎరుపు చొక్కాలు వద్దు, మట్టి రంగువి వేసుకోండి. లోతు చూడటానికీ, మెత్తటి చోట అడుగు పరీక్షించడానికీ ఒక కర్ర. సముద్రపు బురదలోకి ఒంటరిగా దిగొద్దు. పాదానికి గాయం ఉంటే అసలు దిగొద్దు.

5. కూర్చోండి

పొద్దున అయితే తూర్పు వైపు, సాయంత్రం అయితే పడమటి వైపు చోటు చూసుకోండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. ఎండకి ఎదురుగా చూస్తే తెల్లకొంగ కూడా నల్లగా కనబడుతుంది, పొరపాట్లు సగం అక్కడే జరుగుతాయి.

మనిషి నిలబడి నడిస్తే పిట్టకి భయం. అదే మనిషి ఒక చోట కూర్చుని కదలకపోతే పావుగంటకి గట్టులో భాగమైపోతాడు. లేచిన గుంపు ఒక చుట్టు తిరిగి దిగుతుంది, మెల్లగా మేస్తూ దగ్గరికొస్తుంది. తినడం ఆపి తల ఎత్తి మీవైపు చూస్తే ఆగిపోండి. అది మొదటి హెచ్చరిక. రెండోసారి కూడా తలెత్తితే రెండడుగులు వెనక్కి రండి.

6. గుర్తుపట్టండి

రంగుతో మొదలుపెట్టకండి. చలికాలంలో ఉల్లంకి జాతులన్నీ గోధుమ, బూడిద రంగుల్లోనే ఉంటాయి. ఈ వరసలో చూడండి: ఒళ్ళు ఎంత, కాళ్ళ పొడవూ రంగూ, ముక్కు పొడవూ వంపూ, నడక, ఎగిరితే రెక్క మీద వీపు మీద కనబడే తెలుపు, చివరగా కూత.

పరిమాణానికి మీకు తెలిసిన పిట్టలే కొలబద్దలు. పిచ్చుకంత ఉందా, గోరింకంతా, కోడిపెట్టంతా? పిచ్చుకంత ఉండి, నల్లకాళ్ళతో, కుట్టుమిషను సూదిలా టకటకా బురద పొడుస్తుంటే లిటిల్ స్టింట్. దాని బరువు పాతిక గ్రాముల చుట్టుపక్కలే. గుండ్రటి తల, కురచ ముక్కు, పరుగెత్తడం, ఠక్కున ఆగడం, ఒక్కసారి పొడవడం కనబడితే ప్లవర్. కంటి చుట్టూ పసుపు ఉంగరం ఉంటే లిటిల్ రింగ్డ్ ప్లవర్.

గోరింకకి అటూ ఇటూగా ఉండే శాండ్‌పైపర్లతో కొత్తవాళ్ళు బాగా తికమకపడతారు. మూడింటిని పట్టుకుంటే చాలు. వెనక భాగం ఆపకుండా ఊపుతూ, భుజం ముందు తెల్లటి చీలిక పైకి పాకి ఉంటే కామన్ శాండ్‌పైపర్. పసుపు కాళ్ళు, చుక్కల వీపు, కంటి మీద లేతరంగు కనుబొమ్మ ఉంటే ఉడ్ శాండ్‌పైపర్. నల్లగా కనబడే వీపుతో వాగుపక్క ఒంటరిగా ఉండి, లేవగానే తోక మొదట తెల్లగా మెరిస్తే గ్రీన్ శాండ్‌పైపర్.

కాళ్ళు పొడుగైతే పని తేలిక. గులాబి రంగు పుల్లల్లాంటి కాళ్ళతో, నల్లరెక్కలతో ఉంటే స్టిల్ట్. ఎర్రకాళ్ళు, ఎగిరితే రెక్క వెనక అంచు తెలుపు ఉంటే రెడ్‌షాంక్. ముక్కు కాస్త పైకి వంగి, లేస్తూ మూడు మాటలుగా "ట్యూ ట్యూ ట్యూ" అంటే గ్రీన్‌షాంక్. మొదట్లో గులాబి రంగున్న పొడవాటి తిన్నని ముక్కు ఉంటే బ్లాక్‌టెయిల్డ్ గాడ్విట్. కొడవలిలా కిందికి వంగిన ముక్కుతో పెద్ద పిట్ట అయితే కర్లూ.

తెల్లకొంగల్లో నల్లకాళ్ళకి పసుపు పాదాలు ఉంటే చిన్న కొంగ, లిటిల్ ఎగ్రెట్. పసుపు ముక్కుతో గొడ్ల వెంట తిరిగేది పశువుల కొంగ. ఎగిరితే తెల్లగా, వాలితే మట్టిలో కలిసిపోయేది గుడ్డికొంగ. గుర్తుపట్టలేని దాన్ని "శాండ్‌పైపర్ జాతి, తెలియదు" అని రాసుకోండి. ఊహతో పేరు రాయడం కంటే అది ఎంతో నయం.

7. ఒక్క పక్షిని ఇరవై నిమిషాలు చూడండి

జాబితా పెంచుకునే తొందరలో చాలామంది వదిలేసేది ఇదే. ఒక పక్షిని పట్టుకుని అది తింటున్నంతసేపూ చూడండి. ముక్కులు అన్ని రకాలుగా ఎందుకున్నాయో అప్పుడు తెలుస్తుంది.

గాడ్విట్ బురదలో ముక్కుని మొహం ఆనేదాకా దించుతుంది. కళ్ళకి ఏమీ కనబడదు. ముక్కు చివర స్పర్శ తెలిసే సన్నటి గుంతలు బోలెడు ఉంటాయి. లోపల పురుగు కదిలితే తెలుస్తుంది. పై ముక్కు చివర మాత్రమే విడిగా తెరుచుకునే ఏర్పాటు ఉండటంతో, బురదలో నోరంతా తెరవక్కర్లేకుండా కొసతో పట్టుకుంటుంది. ఎర్రకాళ్ళ కొంగ నోరు సగం తెరిచి నీటిలో పెట్టి అటూ ఇటూ తిప్పుతుంది, చేప తగలగానే మూస్తుంది. తెడ్డుమూతి కొంగ తెడ్డు వేసినట్టే నీటిని చీలుస్తుంది. చిన్న కొంగ ఒక పాదాన్ని వణికిస్తూ బురదలో దాగిన రొయ్యని లేపుతుంది. రాజహంస తల తిరగేసి నీటిని వడబోస్తుంది.

నత్తగుల్ల కొంగ దగ్గర ఇంకాసేపు ఆగండి. దాని ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది, మూసినా వెలుతురు కనబడుతుంది. నత్తని నీటిలోనే అదిమిపట్టి, కింది ముక్కు కొసని గుల్ల మూతి దగ్గర దోపి, మాంసాన్ని పట్టి ఉంచే కండని తెంపుతుంది. తర్వాత తల విదిలిస్తే మాంసం బయటికొస్తుంది, గుల్ల పగలదు. గట్టు మీది కుప్పలో ఒక గుల్లని చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. ఎలుక కొరికినట్టు గాటు ఉండదు, రాయితో కొట్టినట్టు పగులు ఉండదు. తలుపు తీసి ఖాళీ చేసిన ఇల్లులా ఉంటుంది.

8. లెక్కపెట్టండి

వంద లోపు గుంపు అయితే ఒక్కొక్కటే లెక్కపెట్టండి. అంతకు మించితే ముందు పది పిట్టలు లెక్కపెట్టి ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటికి పట్టించుకోండి. ఆ చోటుతో గుంపునంతా కొలవండి. వేలల్లో ఉంటే వందని కొలతగా తీసుకోండి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఇంకోసారి కొలిచి, రెండూ బాగా తేడాగా వస్తే మూడోసారి చూడండి. జపం చేసేవాళ్ళు వేలికి తొడుక్కునే మీట కౌంటరు ఈ పనికి చక్కగా సరిపోతుంది, పూజాసామాన్ల దుకాణంలో దొరుకుతుంది. ఇద్దరు ఉంటే ఒకరు చూడండి, ఒకరు రాయండి.

తేదీ, సమయం, చోటు, నీటిమట్టం, తేలిన బురద ఎంత, ఏ జాతి ఎన్ని, ఏం చేస్తున్నాయి, చెదరగొట్టినవి ఏమైనా ఉన్నాయా అన్నవి ప్రతిసారీ రాయండి. నీటిమట్టం రాయని లెక్క సగం లెక్కే. అదే పక్షులు లేని రోజు కూడా సున్నా అని రాయండి. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో, ఫోన్లోనే వేస్తే మీ లెక్క అందరికీ అందుబాటులోకి వస్తుంది. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. భారత ఉపఖండంలో 1987లో మొదలైన ఈ గణన స్వచ్ఛందంగా తిరిగేవాళ్ళ మీదే నడుస్తోంది. మీ చెరువు అందులో లేకపోతే మీరే చేర్చొచ్చు.

9. గూళ్ళ దగ్గర, గుడ్ల దగ్గర

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు, శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, తేలుకుంచి, రాయలసీమలో వీరాపురం. ఈ ఊళ్ళలో కొంగలు, గూడబాతులు జనం మధ్యే గూళ్ళు కడతాయి. రెట్టల వాసన, పిల్లల గోల ఊరివాళ్ళు భరిస్తారు. వాళ్ళు కాచుకున్న పక్షులను చూడటానికి వెళ్తున్నామని గుర్తుంచుకుని ఊళ్ళోకి అడుగుపెట్టండి. చెట్టు కింద నిలబడొద్దు, చప్పట్లు కొట్టొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. తల్లి లేస్తే గూట్లో పిల్ల ఎండకి మాడుతుంది, లేదా కాకి ఎత్తుకుపోతుంది. కింద పడిన పిల్ల కనిపిస్తే అటవీ సిబ్బందికి చెప్పండి.

వేసవిలో ఇంకో జాగ్రత్త. ఎండిన చెరువులో, గులకరాళ్ళ మీద తీతువు, లిటిల్ రింగ్డ్ ప్లవర్ నేల మీదే గుడ్లు పెడతాయి. మామూలుగా నాలుగు గుడ్లు, కొసలు లోపలికి తిప్పి పువ్వు రేకుల్లా పేర్చి ఉంటాయి. రాళ్ళలో రాళ్ళు. తీతువు మీ తల మీద తిరుగుతూ అరుస్తుంటే చుట్టూ గుడ్లు ఉన్నట్టే. తీతువు కూస్తే కీడని మన పెద్దలు అనేవారు. అది చావు కబురు చెప్పడం లేదు, తన గుడ్లు తొక్కుతావని మొత్తుకుంటోంది. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగండి.

ఎక్కువ పక్షులు ఒకేచోట చచ్చి పడుంటే ముట్టుకోకండి. 2019లో రాజస్థాన్ సాంభర్ ఉప్పు సరస్సులో వేల పక్షులు బోటులిజం (ఒక బాక్టీరియా విషం) వల్ల చనిపోయాయి. పశువైద్యశాఖకీ అటవీశాఖకీ కబురు చేయడమే మీ పని. ఉరులు, వలలు పెట్టి పిట్టలు పట్టి అమ్ముతున్నా అంతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట, అమ్మకం రెండూ నేరమే.

10. మీ చెరువులో ఆ పట్టీని నిలబెట్టండి

నేను ఏళ్ళుగా వెళ్తున్న చెరువొకటి రెండేళ్ళ కింద సుందరీకరణకి నోచుకుంది. నాలుగు వైపులా రాతి కట్టడం, నడక దారి, దీపాలు. నీళ్ళు ఇప్పుడు ఏడాదంతా ఉంటున్నాయి. పొద్దున్నే నడిచేవాళ్ళు సంతోషంగా ఉన్నారు, అది నాకూ సంతోషమే. కానీ పోయిన శీతాకాలం ఒక్క స్టింట్ కూడా దిగలేదు. నా పాత నోటుపుస్తకంలో అదే చెరువు శిఖం వైపు రెండు వందల పద్నాలుగు అని రాసి ఉంది. నీళ్ళు ఎండిపోలేదు, అంచు పోయింది. గోడకీ నీటికీ మధ్య వేలెడు లోతు ఎక్కడా మిగల్లేదు.

పూడిక తీయడం తప్పు కాదు, చెరువుకి అవసరం. ఎలా తీయాలన్నదే అసలు మాట. కట్ట వైపు లోతు చేసుకుని శిఖం వైపు వాలుని నెమ్మదిగా వదిలేయమని అడగండి. మూడు వైపులా రాయి కట్టినా ఒక వైపు మట్టి అంచు ఉంచమనండి. లోపల నల్లతుమ్మలు ఉంటే గూళ్ళ కాలంలో కొట్టనీయకండి. గుర్రపుడెక్క బురదని కప్పేస్తే పక్షులకి చోటు ఉండదు కనుక తీయించండి. చేపల రైతులతో తగువు పెట్టుకోకండి. నీటికాకులూ గూడబాతులూ చేపలు తింటాయి, ఆ నష్టం నిజమే. ఉల్లంకులు తినేవి ఎక్కువగా పురుగులు, గుల్లలు అని నిదానంగా చెప్పండి. చెరువు మీద కట్టే సన్నటి నైలాన్ దారాలు పక్షులకి కనబడక రెక్కలు తెగుతాయి, కనబడేలా రంగు పట్టీలు కట్టమని అడగండి. ఆ ఖర్చు చిన్నదే.

ఇవి అడగాలంటే చేతిలో లెక్క ఉండాలి. ఈ ఆదివారమే శిఖం వైపు వెళ్ళి, నీటి అంచున ఒక వెదురు కర్ర పాతండి. దాని మీద వేలెడు, బెత్తెడు, జానెడు గుర్తులు పెట్టండి. వారానికోసారి అంచు ఎంత వెనక్కి జరిగిందో అడుగులతో కొలిచి, ఆ రోజు దిగిన పక్షుల లెక్క పక్కనే రాయండి. జనవరి నుంచి మే వరకు ఇరవై వరసలు వస్తాయి. ఏ వారం ఏ పిట్ట ఎక్కడ దిగిందో ఆ ఒక్క కాగితంలో ఉంటుంది. పూడికతీత అంచనాలు వేసే ముందు, గ్రామసభ రోజున, ఆ కాగితాన్ని జెరాక్స్ తీసి సర్పంచ్‌కీ నీటిపారుదల ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)కీ చెరొకటి ఇవ్వండి. కర్రని మాత్రం పీకకండి, వచ్చే ఏడాది కొలత కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి.